నా వేవిళ్ళ లెక్క

మా ఇండ్లల్లో కడుపుతో ఉందని సూటిగా చెప్పరు. 'పాఁవ్ భారీ' అంటారు. కాళ్ళు బరువయ్యాయట. నాకు బరువెక్కింది కాళ్ళు కాదు, ముక్కు. సెహ్రీకి తాలింపు వేస్తే చాలు, పేగులు నోట్లోకొచ్చేవి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే నాకు ఆ బాధ చెప్పుకోవడానికి 'వేవిళ్ళు' అన్న తెలుగు మాటే దొరికింది.

1989లో ఎన్టీ రామారావునే ఓడించి పంపిన కల్వకుర్తి మాది. సాయిబుల కోడలు ఏం తిన్నదో, ఏం కక్కిందో కూడా ఊరికి కావాలి!

నాకు రెండో నెల నిండుతుండగా ఎండాకాలపు రంజాన్ వచ్చింది. రోగులు, ప్రయాణికులు రోజాలు తర్వాత ఉండొచ్చని ఖురాన్‌లో బఖరా సూరా చెబుతుంది. తనకో బిడ్డకో హాని అని భయముంటే గర్భిణికీ అదే వెసులుబాటు అన్నారు హనఫీ ఉలేమాలు. తర్వాత ఖజా తీర్చుకుంటే సరిపోతుంది. దీన్‌లో ఇంత దయ ఉంది, ఇంట్లో ఏది? 'మేం కనలేదా? ఉల్టీ దానంతటదే వస్తే రోజా పోదు' అన్నది మా సాస్. మాట నిజమే. కానీ ఒంట్లోంచి పోయిన నీళ్ళు మగ్రిబ్ దాకా ఎక్కడినుంచి తేవాలి? 'కిత్తే రోజే హుయే?' అని వచ్చిన ప్రతి చుట్టమూ అడిగేది.

దవాఖానకు పోతే అక్కడ ఇంకో లెక్క. నర్సమ్మ నా బుర్ఖా చూసి 'ఎన్నోది?' అన్నది. మొదటిదంటే నమ్మలేదు. 'మీవాళ్ళకు అలవాటే గదా, ఏడాదికొకరు! దీనికే ఇంత చేస్తవేంది?' గుక్కెడు నీళ్ళు కూడా నిలవట్లేదన్న మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఇంట్లో రోజాలు లెక్కబెట్టారు, ఇక్కడ పిల్లల్ని లెక్కబెట్టారు. రోజుకు ఎన్ని వాంతులని అడిగినవాళ్ళు లేరు. నీళ్ళు నిలవక, మూత్రం తగ్గి, బరువు పడిపోతుంటే అది మామూలు వేవిళ్ళు కాదు, సెలైన్ ఎక్కించాల్సిన జబ్బు.

అలవాటు సంగతి 2023 డిసెంబరులో నేచర్ పత్రిక ఇంకోలా చెప్పింది. మార్లీనా ఫెజో, స్టీఫెన్ ఒరాహిలీల బృందం తేల్చిందేమంటే, కడుపులోని బిడ్డ వైపు నుంచి తల్లి రక్తంలోకి జీడీఎఫ్ 15 అనే హార్మోను వస్తుంది. గర్భానికి ముందు ఆ హార్మోను ఒంట్లో ఎంత తక్కువుంటే, వేవిళ్ళు అంత తీవ్రం. అలవాటంటే అదీ. బుర్ఖాను చూసి పట్టేది కాదు.

పక్కింటి అవ్వ ఏ లెక్కా అడగలేదు. 'ఏం దినబుద్ధయితుంది బిడ్డా?' అన్నది. చింతచిగురు దూసుకొచ్చింది. మా అమ్మీ దాన్ని మాంసంలో వేసి 'చుగర్ గోష్' వండుతుంది. మీ చిగురే మా నోట్లో చుగర్ అయింది. అయితే అప్పుడు మాంసం వాసనే నాకు గిట్టేది కాదు. అవ్వ ఒట్టి పప్పులో వేసి, జొన్నరొట్టె కాల్చింది.

రంజాన్ పట్టపగలు వాళ్ళ వంటింట్లో కూర్చుని తిన్నాను. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కడుపులో ఏదో నిలిచింది. మా ఇంటివైపు తలుపు అవ్వే మూసింది.