అమ్మ చేసిన కాగితం డబ్బాలు

నాన్న పోయాక ఎల్.బి.నగర్‌లోని మా ఇంట్లో అమ్మ పాత క్యాలెండర్లతో గిఫ్టు డబ్బాలు చేసేది. సెలవుల్లో నేనూ కూర్చునేవాణ్ని. మూతకు 20 సెంటీమీటర్ల చదరం, అడుగుకు 19.5. ఆ అర సెంటీమీటరు తేడా ఉంటేనే మూత పడుతుంది. మూలలు మధ్యకు మడిచి, అంచులు కూడా మధ్యకు మడిచి విప్పి లేపితే, జిగురు లేకుండానే 7 సెంటీమీటర్ల డబ్బా తయారు.

రాఖీ పండుగకు దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో ఇచ్చేవాళ్లం. "పాత కాగితమే కదమ్మా" అని బేరమాడితే, "కాగితం పాతదే అన్నా, పని కొత్తది" అనేది అమ్మ. నా పదో తరగతి పరీక్ష ఫీజు ఆ డబ్బే.

2022 జూలై 1 నుంచి మిఠాయి డబ్బాలకు చుట్టే ప్లాస్టిక్ కాగితాన్ని దేశమంతటా నిషేధించారు. అమ్మ డబ్బాకు అది ఎన్నడూ అవసరం పడలేదు.

తమ్ముళ్లూ, మీ అమ్మ ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే తల దించుకోకండి. గట్టిగా చెప్పండి.