కటకరంధ్రం – ఆవరణం

ఎచ్చెర్లలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట పాత కోడక్ బ్రౌనీ 8 మి.మీ. చలనచిత్ర కెమెరా ఉంది. 1960వ దశకం చివర ఒక రథసప్తమినాడు, బాలుడైన ఆయన దానితో అరసవల్లి ఇంద్రపుష్కరిణి ఒడ్డున తల్లిని చిత్రించాడు. ఆమె సూర్యునికి అర్ఘ్యమిచ్చి, వెనుదిరిగి, కుమారుణ్ణి చూసి నవ్వింది. ఫిల్ములో ఆకాశం, జలం దివ్యంగా వచ్చాయి. ఆమె ముఖం మాత్రం నల్లని ఛాయ. ఆ నవ్వు మరెక్కడా నమోదు కాలేదు. కెమెరా కన్నే దోషభూయిష్టమని ఆయన చాలాకాలం నమ్మాడు.

ఉద్యోగ విరమణానంతరం ఆ యంత్రాన్ని పరిశీలించాకే విషయం బోధపడింది. ఇటువంటి గృహోపయోగ కెమెరా సెకనుకు 16 చిత్రాలు తీస్తుంది. ఒక్కొక్క చిత్రంపై కాంతి పడే కాలం సెకనులో సుమారు 35వ వంతు. దానిని మార్చే వీలు లేదు. కనుక కాంతి నియమనభారమంతా కటకంలోని రంధ్రానిదే. కటకనాభ్యంతరాన్ని రంధ్రవ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్-సంఖ్య. అందుకే సంఖ్య పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది (మొదట అందరినీ తికమకపెట్టేది ఇదే). 4, 5.6, 8, 11, 16: మెట్టు మెట్టుకూ కాంతి సగమవుతుంది, ఎందుకంటే వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది. 13 మి.మీ. కటకానికి ఎఫ్/2.7 వద్ద ద్వారం 4.8 మి.మీ.; ఎఫ్/16 వద్ద 0.8 మి.మీ., ఆవగింజ కంటె చిన్నది.

ఆనాడు బాలుడు మిరుమిట్లు గొలిపే ఆకాశాన్ని చూసి సూచికను 11 వద్ద నిలిపాడు. తల్లి వీపు సూర్యునివైపు ఉంది. ఆమె ముఖానికి ఎఫ్/5.6, అంటే నాలుగు రెట్ల కాంతి, కావలసింది.

మన కనుపాప సంకోచవికాసాలను తానే నిర్ణయించుకుంటుంది. కెమెరాకు ద్రష్ట వేరుగా ఉండాలి. యంత్రం చెప్పినట్లే చేసింది. ముఖం మీద వెలుగు లేకపోలేదు, ద్వారం చాలలేదు. వేదాంతం ఆవరణమని చెప్పేది ఇటువంటిదే: వస్తువు ఉన్నచోటే ఉంటుంది, చూసే సాధనం మరొకదానికి అమరి ఉంటుంది.

అయితే ద్వారాన్ని విప్పడమే సాధన అనుకోరాదు. విశాలంగా తెరిస్తే దగ్గరవీ దూరానివీ ఒకేసారి స్పష్టం కావు. సంకోచింపజేస్తే స్పష్టతాపరిధి పెరుగుతుంది. మితిమీరి మూస్తే మాత్రం రంధ్రపు అంచువద్ద కాంతి వివర్తనం చెంది బింబమంతా మసకబారుతుంది. అతిభోజనమూ, అత్యంత ఉపవాసమూ రెండూ యోగం కావన్న గీతావాక్యం ఉపాధ్యాయునికి ఇక్కడే గుర్తుకొచ్చిందట.

అరసవల్లి ఆలయంలోనూ ద్వారమే ప్రధానం. మార్చి, అక్టోబరు మాసాల్లో కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు ద్వారాల గుండా స్వామి పాదాలను తాకుతాయి. ఆ దర్శనానికి జనం తెల్లవారకముందే చేరుకుంటారు.

నిరుడు రథసప్తమినాడు ఆయన ఆ ఫిల్మును మళ్ళీ ప్రదర్శించుకున్నాడు. నాలుగు సెకన్లు, 64 చిత్రాలు. ముఖం నల్లగానే ఉంది. తడిసిన జుట్టు అంచున మాత్రం సన్నని వెలుగురేఖ ఉంది. ఇన్నేళ్ళూ దానిని ఆయన గమనించలేదు. చుట్టను వెనక్కి తిప్పి మరోసారి చూశాడు.