నీ దారి ఎలా ఉంది?

చేతిలో అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదని తెలిసి, డాలస్‌లో మా దగ్గరికొచ్చిన నాన్నని కాన్‌కూన్ తీసుకెళ్లాం. ఆయనకి సముద్రం మీద మోజు లేదు. "ఇసకలో పడుకోడానికి ఇంత దూరం రావాలా?" అన్నారు. మర్నాడు తెల్లారగట్ల వ్యాన్ మాట్లాడుకుని, 200 కిలోమీటర్ల అవతలున్న పాత మాయా నగరం చిచెన్ ఇట్జాకి బయల్దేరాం.

మేం చేరేసరికే ఎండ చుర్రుమంటోంది. చెట్లకింద కుర్రాళ్లు జాగ్వార్ పులిలా గుర్రుమనే బూరలు ఊది అమ్ముతున్నారు. వాళ్లని దాటగానే ఎదురుగా కుకుల్‌కాన్ గుడి. 30 మీటర్ల ఎత్తు. ఎక్కనివ్వరు. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. కిందనుంచే మెట్లు లెక్కపెట్టారు. వైపుకి 91, నాలుగు వైపులా 364, పైన గుడి ముందర ఇంకొకటి. "ఏడాది మొత్తాన్ని రాతితో కట్టేశారురా!" అని మా అబ్బాయి వీపు తట్టారు.

మాయా వాళ్లు ఇరవైల్లో లెక్కపెట్టేవారని, ఒకటికి చుక్క, అయిదుకి గీత, సున్నాకి గవ్వలాంటి గుర్తు వేసేవారని మా డ్రైవరు చెప్పాడు. గైడు కూడా ఆయనే. నాన్న వెంటనే వంగి మట్టిలో 19 వేశారు: మూడు గీతలు, వాటిమీద నాలుగు చుక్కలు.

మెట్ల ఎదుట చప్పట్లు కొడితే గుడి కీచుమని పిట్టలా బదులిస్తుంది. కెట్సాల్ పక్షి కూత అంటారు. నాన్న మళ్లీ మళ్లీ కొట్టారు. "గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర కొడితే పైన బాలా హిస్సార్‌లో వాళ్లకి వినపడుతుంది. ఇక్కడ కొట్టినవాడికే బదులొస్తోంది!"

"ఆ మాయా వాళ్లంతా ఏమైపోయారు?" మావాడు ఇంగ్లీషులో అడిగాడు.

డ్రైవరు నవ్వాడు. "ఎక్కడికీ పోలేదు. పొద్దుట్నించి నీ బండి నడుపుతున్నాను."

ఆయన ఇంట్లో మాట్లాడేది మాయా భాషే. ఈ యుకతాన్ ప్రాంతంలో లక్షలమందిదీ అదే. 1562లో మానీ అనే ఊళ్లో దియెగో దె లాండా అనే స్పానిష్ సన్యాసి మాయా పుస్తకాలు తగలబెట్టించాడు. పాతవాటిలో ఇప్పుడు మిగిలినవి నాలుగే. మాట మాత్రం బతికింది. "బిష్ ఆ బేల్" అంటే బాగున్నావా అని. అసలర్థం 'నీ దారి ఎలా ఉంది?' అట. "మా ఆలోబ్" అంటే బాగుంది.

"మా పిల్లలకి అంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం స్పానిష్‌లో చెప్తారు" అన్నాడాయన.

నాన్న నావైపు చూశారు. నేను గుడివైపు చూశాను.

సాయంత్రం హోటల్ దగ్గర దింపుతూ డ్రైవరు "బిష్ ఆ బేల్?" అంటే, మావాడు ఠక్కున "మా ఆలోబ్" అన్నాడు.

లిఫ్టులో నాన్న అడిగారు: "ఏరా, కాళ్లు నొప్పులా?"

"నో, అయామ్ ఫైన్."

నాన్న ఏమీ అనలేదు. వాడికెదురుగా తిరిగి, ఒక్కసారి చప్పట్లు కొట్టి, చెవి ఒగ్గి నిలబడ్డారు.