ముగ్గుపిండి అక్షరములు

దీపము క్రిందనే చీకటి యుండునను సామెతను నేను బడిలో పిల్లలకు ఎన్నియో మారులు వివరించి చెప్పితిని. ఆ చీకటి నా యింటిలోనే యున్నదని తెలిసికొనుటకు మాత్రము 30 ఏండ్ల ఉపాధ్యాయవృత్తి నాకు చాలలేదు.

మా మేనత్త ఇరువదియేండ్లు నిండక మునుపే భర్తను గోలుపోయి మా యింటికి వచ్చినది. నా అక్షరాభ్యాసమునాడు పళ్లెములో బియ్యము పోసి నా ముందుంచినది ఆమెయే. పరీక్షల కాలమున నాకు కునుకు రాకుండ ప్రక్కనే కూర్చుండి విస్తళ్లు కుట్టుచుండెడిది ఆమెయే. ఆ బియ్యములో నేనేమి దిద్దితినో, ఆ పుస్తకములలో నేనేమి చదివితినో ఆమెకు తెలియదు. తెలియదను సంగతి నేనెరుగుదును. అయినను అది యొక లోపముగా నాకు తోచలేదు. స్త్రీవిద్యను గూర్చి సభలలో ఉపన్యసించి, యింటికి వచ్చి, ఆమె వడ్డించిన అన్నము తిని పండుకొనెడివాడను.

2022 మార్చి నెలలో, ఫాల్గుణమాసపు ఎండలు ముదురుచుండగా, ఆమె దాచుకొన్న పైకము తీయుటకై బ్యాంకునకు తోడు వెళ్లితిని. అచ్చటి గుమాస్తా ఆమె మొగము చూచి, ఏమియు అడుగకయే ఇంకుప్యాడు ముందునకు జరిపెను. ఆమె బొటనవ్రేలు అద్ది, కాగితముపై ముద్ర వేసి, ఆ వ్రేలిని చటుక్కున పమిటచెంగులో దాచుకొనెను. ఇంటికి రాగానే కుళాయివద్ద కూర్చుండి దానిని చింతపండుతో తోముచుండగా, "ఒకమాటు తోమితే చాలదా?" అంటిని.

"ఎంత తోమినా గోటిసందులో ఉండిపోతుందిరా. మర్నాడు బియ్యం కడుగుతుంటే కనపడుతుంది," అనెను.

ఆమెకప్పుడు 74 ఏండ్లు. ఆ మాటలో నిష్ఠురము లేదు. లేకపోవుటచేతనే అది నన్ను మిక్కిలి బాధించెను.

శుభకృత్ సంవత్సరపు ఉగాదినాడు, అనగా ఏప్రిల్ 2వ తేదీన, పచ్చడి తిన్న పిదప ఆమె ముందు పలకయు బలపమును ఉంచితిని. సిగ్గుపడెను, నవ్వెను, తుదకు కూర్చుండెను. నాకు నేర్పిన పద్ధతినే నేనును అవలంబించితిని. అకారాదిగా వరుస తప్పక దిద్దించుచు పది దినములకు ఌ కడకు వచ్చితిమి.

"ఇది ఏ మాటలో వస్తుందిరా?"

"క్ఌప్తము అను మాటలో."

"అంటే?"

"నిర్ణయింపబడినది అని."

"అయితే నిర్ణయించింది అనే అనొచ్చుగా!"

నేను నవ్వి, మరల వరుసలో పడితిని. ఆ ప్రశ్నలోని పాఠము నాకు అప్పుడే తెలియవలసి యుండెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తిపంతులుగారు (1863–1940) సవరలకు చదువు చెప్పగోరి, మొదట తామే వారి భాషను నేర్చుకొనిరి. పిదప ఆ భాషలోనే వారికి వాచకములు వ్రాసిరి. నేర్పువాడు నేర్చుకొనువాని వాకిటికి పోవలెనని దాని తాత్పర్యము. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగుభాషా దినముగా జరుపుకొనుచున్నాము. బడిలో ఏటేట ఆయన పటమునకు దండ వేసినవారిలో నేనొకడను. గ్రాంథికమును విడువలేని నా కలమునుండి ఆయన పేరు వెలువడుట చూచి చదువరులు నవ్వుకొందురేమో. నవ్వదగిన సంగతియే.

ఆషాఢము వచ్చెను. వానలు పట్టెను. మేము గుణింతములలో నుంటిమి. ఒకనాటి సాయంకాలము ఆమె "వాన" అను మాటను మూడుమారులు "మాన" అని చదివెను. నాలుగవమారు నాకు ఓపిక నశించి, "ఒకటవ తరగతి పిల్లలకు వచ్చినది నీకు రాదేమి?" అంటిని. ఆమె బదులు చెప్పలేదు. పలకను పమిటచెంగుతో తుడిచి అటకమీద పెట్టి, పొయ్యి వెలిగించుటకు లోనికి పోయెను. శ్రావణము గడచెను, భాద్రపదము గడచెను. పలక అటకమీదనే యుండెను. ఈ వయస్సులో చదువు అంటదులే యని నాకు నేనే చెప్పుకొంటిని. నా అసహనమునకు ఆమె వయస్సను పేరు పెట్టి నిశ్చింతగా నుంటిని.

ధనుర్మాసమున ఒకనాటి వేకువను దగ్గు వచ్చి, అలవాటునకు ముందే మేల్కొని వాకిటికి వచ్చితిని. కళ్లాపి చల్లిన నేల ఇంకను తడిగా నుండెను. వీథిదీపపు వెలుగులో పెద్దముగ్గు పూర్తియై యుండెను. దానికి ఎడమప్రక్కన, తులసికోట చెంత, ముగ్గుపిండితో బారుగా క, కా, కి, కీ! నన్ను చూచి మేనత్త చీపురు అందుకొనెను.

"ఆగుము! ఎప్పటినుండి?" అంటిని.

"కార్తీకం నుంచీ. నువ్వు లేచేలోపల చెరిపేస్తున్నాను. తప్పుపోతే పువ్వులకోసం వచ్చే ఎదురింటి పిల్ల చెబుతుంది. అది కోప్పడదు."

నేను అరుగుమీద కూర్చుండిపోతిని. పలకమీద వణకిన వ్రేళ్లు పిండి పట్టినప్పుడు వణకలేదు. ఇరువదియొక్క చుక్కల ముగ్గును గీత తెగకుండ చుట్టగల చేతికి మన అక్షరముల వంపులు కష్టమగునా? ఇంకు మరకను చెంగులో దాచుకొనిన ఆ బొటనవ్రేలే చూపుడువ్రేలితో కలిసి పిండిని సన్నని ధారగా విడుచుచుండెను. ఆమెకు రానిది అక్షరము కాదు. నాకు రానిది బోధన.

మరియొక సంగతి నాకు ఆనాడే స్ఫురించెను. ప్రొద్దెక్కునప్పటికి ఆ ముగ్గును పాలవాడు త్రొక్కును, పశువులు త్రొక్కును, బడికి పోవు పిల్లలు త్రొక్కుదురు. మరునాడు ఆమె మరల ఊడ్చి, మరల చల్లి, మరల పెట్టును. నిన్నటిది చెరిగెనే యని ఆమె వగచుట నేనెన్నడును చూడలేదు. పట్టుదల యను మాటకు పండ్లు బిగించి సాధించుట యని నేను పిల్లలచేత అర్థము వ్రాయించితిని. ఆమె ఆ మాటనే ఎరుగదు. ప్రతి ఉదయమును నేల శుభ్రము చేసికొని మొదటినుండి ఆరంభించుటను మాత్రము ఎరుగును.

ఇది మా యింటికథ మాత్రమే కాదు. నెల్లూరుజిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగిన దినములలో, పాఠములలో తమ బ్రతుకునే చూచుకొనిన దూబగుంట స్త్రీలు సారాదుకాణముపై తిరుగబడిరి. 1992లో ఆ ఉద్యమము ఇతర జిల్లాలకు ప్రాకెను. 1993లో రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. తమ మాటను తాము చదువుకొనిన స్త్రీల శక్తి యట్టిది. అయినను 2011 జనాభా లెక్కలనాటికి అవిభక్తాంధ్రప్రదేశమున ఏడేండ్లు దాటిన స్త్రీలలో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి 59 మందియే. తక్కినవారెక్కడనున్నారని వెదకుచు మనము దూరము పోనక్కరలేదు. వారిలో కొందరు మన వంటయింటిలోనే యున్నారు.

మాఘమాసమున మరల బ్యాంకునకు పోతిమి. ఇంకుప్యాడు ముందునకు వచ్చెను. ఆమె దానిని మెల్లగా ప్రక్కకు జరిపి, కలము అడిగి, తన పేరు వ్రాయ నారంభించెను. వెనుక వరుస పెరుగుచుండెను. ఎవరో విసుగుకొనగా తలయెత్తకయే, "అయిపోతోంది నాయనా," అనెను. వెనుకటి నాలుక ఏదైన నాలో మిగిలియుండినచో ఆ విసుగు నాదే యయి యుండును.

మా యింటిలో ఏ జాడీలో ఏ ఊరగాయ యున్నదో వాసెనగుడ్డ ముడులనుబట్టి ఆమె యొక్కతెయే చెప్పగలదు. ఎవరికేమి కావలసినను ఆమెను పిలువవలసినదే. 2023 మే నెలలో క్రొత్త ఆవకాయ కలిపిన మూడవనాడు చూతునుగదా, జాడీకి అన్నపుమెతుకులతో అంటించిన చీటీ యొకటి. దానిమీద పెద్ద అక్షరములతో "అవకాయ" అని యున్నది.

నా చేయి జేబులోని కలముమీదికి పోయెను. అచ్చటనే ఆగెను.

"ఏం, తప్పా?" అని వెనుకనుండి మేనత్త అడిగెను.

"నీవే చూడుము," అంటిని.

ఆమె వంగి, మొదటి అక్షరముపై వ్రేలుంచి, పెదవులు కదల్చుచు ఒకమారు అ యనియు, ఒకమారు ఆ యనియు పలికి చూచుకొనెను. పిదప ఫక్కున నవ్వి, పెన్సిలు వెదకుకొనుచు లోనికి పోయెను.