అర కిలో లెక్క

2022 జూన్. తెల్లవారుజామున నాలుగున్నర. స్వీడన్‌లో ఆ టైమ్‌కే సూర్యుడు వచ్చేశాడు. నేను స్ట్రాబెర్రీ సాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఉన్నా. బీటెక్ అయిపోయింది, ఎంఎస్‌లో సగం అయిపోయింది. ‘చదువుకుంటే పొలం పని తప్పుద్దిరా’ అని నాన్న చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట గుర్తొచ్చి ఒక్కడినే నవ్వుకున్నా.

మాది సత్తెనపల్లి దగ్గర ఓ పల్లెటూరు. మిరప రైతులం. నేను ఎంఎస్ చేసింది కార్ల్స్‌క్రోనాలోని బ్లెకింగె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో. మన జేఎన్‌టీయూలతో దానికి ఒప్పందం ఉంది కాబట్టి ఆ చిన్న ఊళ్లో తెలుగు వినిపించడం వింతేం కాదు. యూరప్ బయటి నుంచి వచ్చే స్టూడెంట్స్‌కి అక్కడ 2011 నుంచి ఫీజులున్నాయి. తెచ్చిన లోన్ ఫీజుకే సరిపోయింది. వేసవిలో ఇంటర్న్‌షిప్ దొరకలేదు, రూమ్ అద్దె మాత్రం ఆగదుగా! స్టూడెంట్ పర్మిట్ మీద పని చేసుకోవచ్చు. “సోల్వెస్‌బోర్గ్ వైపు తోటల్లో కోతలకు పిలుస్తున్నారు, వస్తావా?” అన్నాడు సీనియర్. ట్రైన్ ఎక్కేశాం.

బ్లెకింగె ప్రాంతాన్ని ‘స్వీడన్ తోట’ అంటారు. జూన్‌లో వాళ్లకి మిడ్‌సమ్మర్ పండగ. ఆ ఏడాది 24న వచ్చింది. పూలు చుట్టిన స్తంభం చుట్టూ ఆడతారు, పాడతారు. కొత్త బంగాళాదుంపలు, ఊరబెట్టిన హెర్రింగ్ చేప తిని, చివర్లో స్ట్రాబెర్రీలు తింటారు. సంక్రాంతికి అరిసెలు లేకపోతే మనకెలాగో, ఆ రోజు స్ట్రాబెర్రీ లేకపోతే వాళ్లకలాగ. అందుకే పండక్కి ముందు వారం తోటలో ఊపిరాడదు.

కోయడం ఏముందిలే అనుకున్నా. పండుని పట్టుకోకూడదు, తొడిమ దగ్గర గోటితో తుంచాలి. నొక్కితే సాయంత్రానికల్లా మెత్తబడుతుంది. మంచివి ఒక డబ్బాలో, వంకరవి, దెబ్బతిన్నవి ఇంకో దాంట్లో. ఎండెక్కితే పండు మెత్తబడుతుంది కాబట్టే ఆ తెల్లవారుజాము పరుగు. మూడో రోజుకి నడుము నాది కాదనిపించింది. పక్క సాల్లో పోలండ్ నుంచి వచ్చిన పెద్దావిడ నాకంటే రెండింతలు కోసేది. ఇటుపక్క యుద్ధం వల్ల ఉక్రెయిన్ నుంచి వచ్చిన అక్క. మా ముగ్గురికీ కలిపి ఇంగ్లిష్ ఓ పాతిక మాటలు. నేను నడుము పట్టుకుంటే చాలు, ఇద్దరూ నవ్వేవాళ్లు.

డబ్బులు గుత్త లెక్క. ఎన్ని కిలోలు కోస్తే అంత. ఎంత తక్కువ కోసినా గంటకు ఇంత అని ఒక కనీస మొత్తం ఉండేది. నాలాంటి కొత్తవాళ్లని కాపాడింది అదే. తమాషా ఏంటంటే, స్వీడన్‌లో చట్టం పెట్టిన కనీస వేతనమే లేదు. యూనియన్లు, యజమానులు కూర్చుని రాసుకున్న ఒప్పందాలే నడుస్తాయి. జీతం మీద 12 శాతం సెలవు డబ్బు మాత్రం చట్టంలోనే ఉంది. ఆరు వారాల పనికీ వచ్చింది!

అసలు విషయం కాటా దగ్గర జరిగింది. మొదటి రోజు నా ట్రేలు పెట్టగానే సూపర్‌వైజర్ కాటాని నావైపు తిప్పాడు. అంకె నేను చూశాక, నేను తలూపాక, అప్పుడు రాసుకున్నాడు. ప్రతిసారీ అంతే.

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

మా మిరప కోతలకి కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం వైపు నుంచి కుటుంబాలు వలస వచ్చేవి. పొలం గట్టున పట్టాలు కప్పుకుని ఉండేవాళ్లు. పిల్లలు కూడా బడి మానేసి వచ్చేసేవాళ్లు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు సెలవు రోజుల్లో కాటా దగ్గర లెక్క నేనే రాసేవాణ్ని. కాటా మావైపే ఉండేది. పద్దెనిమిదిన్నర వస్తే పద్దెనిమిదే. ‘పచ్చికాయలో తేమ ఉంటదిరా, అర కొట్టెయ్’ అని నాన్న నేర్పారు. నా ఈడు పిల్లాడొకడు గోతం మోసుకొచ్చి, నేను రాసే పుస్తకం వైపు చూస్తూ నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు.

ఆ రాత్రి అమ్మ వీడియో కాల్ చేసింది. పని సంగతి ఇంట్లో చెప్పలేదు. “ఏందిరా ఆ చేతులు? మిరపకాయలు కోశావా ఏంది?” అంది. “కలర్ అమ్మా, కాలేజీలో ఫంక్షన్” అన్నా. నమ్మలేదు. “అన్నం తిన్నావా?” అని మాత్రం అడిగింది.

స్వీడన్ అంతా ఇలా స్వర్గం అనుకోకండి. ఉత్తరాన అడవుల్లో బ్లూబెర్రీలు ఏరడానికి ఏటా వేలమంది థాయిలాండ్ నుంచి వచ్చేవాళ్లు. అప్పు చేసి వచ్చి, ఆ అప్పు తీరక తిరిగెళ్లిన వాళ్లూ ఉన్నారు. పని కోసం ముందే డబ్బు కట్టమని ఎవరైనా అంటే మీరూ ఆగండి. దేశం కాదు, కాటా ఎటు తిరిగి ఉందో చూడండి.

ఇప్పుడు నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2024 జనవరిలో కోతల టైమ్‌కి ఊరెళ్లా. అప్పుడే ఆ చేతుల సంగతి కూడా ఇంట్లో చెప్పేశా. కాటాని కూలీల వైపు తిప్పితే నాన్నకి కోపం వచ్చింది. “యార్డులో నాకు తరుగు తీసేటప్పుడు ఎవడు తిప్పుతున్నాడ్రా కాటా?” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కానీ పుస్తకం నా చేతిలోనే ఉంచుకున్నా.

కోసిగి నుంచి వచ్చిన ఒకామె గోతం పెట్టి, అంకె వైపు వంగి చూసింది.

“పద్దెనిమిదిన్నర” అంది మెల్లగా.

పద్దెనిమిదిన్నర అనే రాశాను.