మా డ్యామును ఏమీ అనకండి

నదికి అడ్డం కట్టిన ప్రతి ఆనకట్టా నేరమేనట. ఐడహో కొండల్లో, సాల్మన్ నది మిడిల్ ఫోర్క్ ఒడ్డున, రాత్రి అన్నాల దగ్గర మా గైడు ఈ మాట అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. బోయిసీ తిరిగొచ్చి ఉద్యోగంలో పడినా ఆ మాట ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

ఆ అబ్బాయి మంచివాడు. పగలంతా తెడ్లు వేసి, సాయంత్రం మాకు వండిపెట్టి, ఆ నదిని దేవుణ్ని చూసినట్టు చూసేవాడు. అయితే నీళ్లు లేని ఊరు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. నాది కర్నూలు జిల్లా ఆలూరు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి, వాటికి కాపలాగా పిల్లల్ని కూర్చోబెట్టే ఊళ్లు మావి. కాలువ అందని పల్లెల్లో పంట పోయిందంటే ఇళ్లకు తాళాలు వేసుకుని, ముసలివాళ్లను వదిలేసి, గుంటూరు మిరపకాయల కోతకు సుగ్గి పోతారు. అలాంటి చోట పుట్టినవాడి ముందు ఆనకట్టను నేరమంటే ఎలా?

నది మాత్రం అద్భుతం. అందులో మాట దాచుకోను. 1968లో అమెరికా నదుల రక్షణకు చట్టం తెచ్చినప్పుడు మొదట చేర్చిన ఎనిమిది నదుల్లో ఇదొకటి. ఆ చట్టం కోసం సెనేట్‌లో ముందు నిలబడిన ఫ్రాంక్ చర్చ్ ఈ రాష్ట్రం వాడే. 1980లో చుట్టూ ఉన్న 23 లక్షల ఎకరాల పైచిలుకు అడవిని రోడ్లు పడకుండా కాపాడారు. ఇప్పుడు దానికి ఆయన పేరే ఉంది. వేసవిలో సొంతంగా పడవ వేసుకోవాలంటే లాటరీలో పేరు రావాలి. పొయ్యిలో బూడిద, చెత్త, చివరికి మన మలం కూడా డబ్బాల్లో మూతబెట్టి వెంట తెచ్చుకోవాలి. వంద మైళ్ల దారిలో నా కంటికి ఒక్క ప్లాస్టిక్ కవరు కనబడలేదు. పుష్కరాలు ముగిసిన మర్నాడు మన ఘాట్లు ఎలా ఉంటాయో గుర్తొచ్చి ప్రాణం చివుక్కుమంది.

బిగ్ క్రీక్ కలిసే చోటు దాటాక ఒడ్డున కాలిబాట కూడా ఉండదు. రెండు వైపులా రాతిగోడలు, మధ్యలో తెల్లగా లేచి పడే నీళ్లు. అంతకుముందు ఒక పూట పడవలు కట్టేసి కొండెక్కాం. ఇంకో చోట బండచరియ కింద ఎర్రరంగు బొమ్మలు చూశాను, మా జిల్లా కేతవరం గుట్టల్లో బొమ్మలకు ఉన్న రంగే. ఇది కొండగొర్రెలను వేటాడి బతికిన తుకుదెకా షోషోనీల నేల. 1879లో సైన్యం వచ్చి వాళ్లను ఇక్కణ్నుంచి తరిమింది. మనిషి అడుగు పడని అడవి అని ఇప్పుడు మురిసిపోతున్నారు కానీ, ఆ మనుషులు తమంత తాము పోలేదు. మాకు కాలువ నీళ్లిచ్చే తుంగభద్ర డ్యాము కిందా ఊళ్లకు ఊళ్లు మునిగాయి. ఆ దుఃఖం నాకు తెలుసు. ఎవరినో కదిలించకుండా ఏ నదీ ఇలా ఉండలేదు, అలా మారలేదు.

ఇక చేపలు. ఇక్కడ గాలం వేయొచ్చు, పట్టిన చేపను వదిలేయాలి. గాలం కొక్కేనికి ముల్లు కూడా ఉండకూడదు. నాకు పడింది కట్‌త్రోట్ ట్రౌట్. గైడు ముందు నన్ను చేతులు తడుపుకోమన్నాడు, పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోతుందట. తోక వైపు దట్టంగా నల్లచుక్కలు, దవడ కింద నారింజ ఎరుపు గీత. ఏటికి ఎదురుగా మూతి పెట్టి పట్టుకున్నాను. మొప్పలు ఆడాయి. కాసేపటికి అరచేతిలో కండ బిగిసి, విదిలించుకుని పోయింది. తినడానికి కానప్పుడు నోటికి గాలం వేసి లాగడం ఎందుకని నాకిప్పటికీ మింగుడు పడదు. కానీ 1970ల నుంచీ ఈ కట్టుబాటు వల్లే ఈ నదిలో చేప మళ్లీ పెరిగిందన్నది నిజం.

గైడు బాధ ట్రౌట్ గురించి కాదు, చినూక్ సాల్మన్ గురించి. గుడ్లు పెట్టడానికి అది పసిఫిక్ సముద్రం నుంచి 1,200 కిలోమీటర్లకు పైగా ఎదురీది ఇక్కడికి వస్తుంది. దారిలో కొలంబియా మీద నాలుగు, స్నేక్ మీద నాలుగు, ఎనిమిది డ్యాములు. 1992 నుంచి అది ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఇదంతా విన్నాక నా గొంతులో కోపం సగం చల్లారింది. స్నేక్ మీది ఆ నాలుగింటినీ తీసేయాలా వద్దా అన్నది వాళ్ల ఇంటి తగాదా, ఏళ్ల తరబడి సాగుతోంది. తీసేస్తే నేను అడ్డం చెప్పను. ప్రతి ఆనకట్టా అన్నాడు చూశారా, ఆ ప్రతి అన్న దగ్గరే నా పేచీ.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. ఇక్కడ నేనూ పోలేదు. నిండిన డ్యాము, 33 గేట్లలో ఒకటి లేదు, మా ఏడాది బతుకు నదిలో పోతోంది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యంలో పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు దించారని తెలిసిన రోజు మా నాయన ఫోన్‌లో ఏడ్చాడు. ఇనుప పలకల కోసం మనిషి ఏడుస్తాడంటే ఆ గైడు నమ్మడేమో. హొళగుంద, హాలహర్వి వైపు దిగువ కాలువకు నీళ్లొచ్చిన రోజు చూస్తే నమ్ముతాడు. కాలువకు నీళ్లు ఆపేశాక వంతెన కింద మడుగుల్లో పిల్లలం తువాలు పట్టి పరిగెలు దేవేవాళ్లం. మా అమ్మ చింతపండు పులుసు పెట్టేది, జొన్నరొట్టెలోకి. ఒక్క చేపనూ వదిలిన పాపాన పోలేదు.

మొన్న ఆదివారం నాయనకు ఈ నది గురించి చెప్పాను.

"అన్ని నీళ్లు యాడికి పోతాయిరా?"

"సముద్రంలోకి, నాయనా."

"మరి ఆ పక్క చేన్లకు?"

"చేన్లు లేవు. మనుషులే లేరు."

"అట్లయితే పారనీలే. చేపలన్నా బతుకుతాయి. మనకు వచ్చే వారం కాలవకు వొదుల్తారంట. పైచేను దున్నించల్ల, ట్రాక్టరోనికి దుడ్లు పంపించు."