పోయినవాళ్ల బాకీ

సూపర్‌హీరో కామిక్స్‌లో చావుకి విలువ లేదని చాలామంది అంటారు. ఆ మాటకి ఆధారాలు బోలెడు. 1992 నవంబరులో డూమ్స్‌డేతో పోరాడి సూపర్‌మ్యాన్ చనిపోయాడు. ఆ సంచిక లక్షల్లో అమ్ముడుపోయింది. ఏడాది తిరక్కుండానే ఆయన మళ్లీ లేచి వచ్చాడు. 1980లో ప్రాణం వదిలిన జీన్ గ్రే 1986లో తిరిగొచ్చింది. 1985లో లోకాన్ని కాపాడుతూ పోయిన ఫ్లాష్, అంటే బ్యారీ అలెన్, 2008లో మళ్లీ పరుగందుకున్నాడు. కంపెనీకి పాత్ర అంటే ఆస్తి. ఆస్తిని ఎవరూ పాతిపెట్టి ఊరుకోరు.

అయినా ఈ కథలంటే నాకు ఎంతో గౌరవం. ఎందుకంటే వీటిలో ఇంకో రకం రాక కూడా ఉంది. పోయినవాడు బతికొచ్చి, ఏమీ జరగనట్టు పాత పనిలో చేరిపోవడం ఒకటి. చావుని వెంటబెట్టుకునే వచ్చి, బతికున్నవాళ్ల ఎదుట నిలబడటం రెండోది. మొదటిది చావుని కొట్టిపారేస్తుంది. రెండోది బాకీ వసూలు చేస్తుంది.

జేసన్ టాడ్ సంగతే చూడండి. అతను బ్యాట్‌మ్యాన్‌కి తోడుగా ఉండే రాబిన్ పాత్రలో రెండోవాడు. 1988లో డీసీ కంపెనీ అతని బతుకుని పాఠకుల చేతుల్లో పెట్టింది. అతను బతకాలనుకునేవాళ్లకి ఒక ఫోన్ నంబరు, చావాలనుకునేవాళ్లకి ఇంకొకటి ఇచ్చింది. చావాలన్నవి 5,343 ఓట్లు, బతకాలన్నవి 5,271. తేడా 72. జోకర్ చేతిలో ఆ కుర్రాడు చనిపోయాడు. ఆ తర్వాత బ్యాట్‌మ్యాన్ గుహలో అతని దుస్తులు అద్దాల పెట్టెలో ఉండిపోయాయి. ఏళ్ల తరబడి ఏ కథలో ఆ గుహ కనిపించినా, వెనకాల ఆ పెట్టె ఉండేది.

2005లో జడ్ వినిక్ రాసిన కథలో జేసన్ తిరిగొచ్చాడు, ఎర్రటి ముసుగుతో, చేతిలో తుపాకీతో. నన్ను ఎందుకు కాపాడలేకపోయావని అతను బ్యాట్‌మ్యాన్‌ని అడగడు. అందుకు ఎప్పుడో క్షమించేశాడు. నన్ను చంపినవాడు ఇంకా ఎందుకు బతికున్నాడన్నదే అతని ప్రశ్న. బ్యాట్‌మ్యాన్ ఎవరినీ చంపడు. ఆ నియమం గొప్పదే. కానీ దాని ఖరీదు ఎవరు కట్టారో చెప్పగలిగింది కట్టినవాడే. అందుకే ఆ ప్రశ్న అంత గట్టిగా తగులుతుంది.

ఈ రకం కథల్లో అన్నిటికన్నా పెద్దది జెఫ్ జాన్స్ రాయగా ఐవన్ రైస్ బొమ్మలు గీసిన ‘బ్లాకెస్ట్ నైట్’. 2009 నుంచి 2010 దాకా వచ్చింది. అందులో నల్ల ఉంగరాలు ఆకాశంలోంచి దిగి సమాధుల్లో దూరతాయి. పోయిన హీరోలు లేచి నిలబడతారు. ఒళ్లు వాళ్లదే, జ్ఞాపకాలు వాళ్లవే, మాట తీరూ వాళ్లదే. లోపల ఆత్మ మాత్రం ఉండదు. బతికున్నవాళ్ల గుండెలో కోపం, భయం, ప్రేమ రేగేదాకా మాటలతో పొడిచి పొడిచి, ఆ తర్వాత ఆ గుండెని పెరికేస్తారు. అప్పటికి బ్యాట్‌మ్యాన్ బాధ్యత మోస్తున్నవాడు మొదటి రాబిన్ డిక్ గ్రేసన్. అతని ముందుకి వచ్చింది చిన్నప్పుడు తన కళ్ల ఎదుటే సర్కస్ ఊయల మీంచి పడి పోయిన అమ్మానాన్నలు. ఏ రాక్షసుడూ అతన్ని అంతగా వణికించలేడు.

కథ మధ్యలో మృత్యువుకి అధిపతి నెక్రాన్ ఒక నిజం బయటపెడతాడు. ఇన్నేళ్లుగా హీరోలు చావునుంచి తిరిగొచ్చింది తమ గొప్పతనం వల్ల కాదు, అతను తలుపు తెరిచి ఉంచడం వల్ల. వెంటనే నల్ల ఉంగరాలు ఒకసారి చచ్చి బతికిన సూపర్‌మ్యాన్, వండర్ వుమన్, గ్రీన్ యారో లాంటివాళ్ల వేళ్లకి చేరతాయి. పాఠకులు ఏళ్ల తరబడి విసుక్కుంటున్న ఆ చవక పునర్జన్మలన్నిటికీ కథే లెక్క చెప్పింది. తన తప్పుని తనలోనే కథగా మార్చుకున్న ఆ ధైర్యం నాకు చాలా ఇష్టం.

అయితే ఆ పుస్తకంలో నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఒక చిన్న ఘట్టం. డాన్ హాల్ అనే హీరో ఉండేవాడు, పేరు డవ్. శాంతిని నమ్మినవాడు, ఒక పిల్లవాణ్ణి కాపాడుతూ పోయాడు. అతని అన్న హ్యాంక్ లేచాడు. డాన్ సమాధి దగ్గరకీ ఉంగరం వచ్చింది. లోపలికి వెళ్లలేకపోయింది. అతను శాంతిగా ఉన్నాడని చెప్పి ఆగిపోయింది. లోకంలోని శవాలన్నీ లేస్తున్న రాత్రి అతనొక్కడూ కదల్లేదు. పోయినవాళ్లు రాకపోవడం కూడా వరమేనని ఇంత సూటిగా చెప్పిన కామిక్ నేను ఇంకోటి చదవలేదు.

వచ్చినవాళ్లంతా పగతోనే రారు. 1967లో పుట్టిన డెడ్‌మ్యాన్, బోస్టన్ బ్రాండ్, హత్యకి గురైన సర్కస్ కళాకారుడు. ఇతరుల ఒంట్లో దూరి మంచి చేస్తాడు. ఆ మంచి తనదని ఎవరికీ తెలియదు. 1989లో అలన్ బ్రెనర్ట్ రాసిన చిన్న క్రిస్మస్ కథలో అతను దిగులుపడుతుంటే కారా వచ్చి ఓదారుస్తుంది. కారా అంటే 1985లో చనిపోయిన సూపర్‌గర్ల్. ఆ తర్వాత డీసీ మార్చి రాసిన తన కథాలోకపు చరిత్రలో ఆమె అసలు ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు. గుర్తింపు కోసం కాదు, చేయాలి కాబట్టి చేస్తామని ఆమె చెప్పే తీరు చదివితే గొంతు పట్టేస్తుంది.

చావుని చెరిపేసిన కామిక్స్ వందలున్నాయి. చావుకి జవాబు చెప్పిన కామిక్స్ కొన్నే. ఈ లోకంలోకి కొత్తగా అడుగుపెట్టే పాఠకులు ఆ కొన్నిటితోనే మొదలుపెట్టాలని నా మనవి.